తాబేలు ఎటు చూస్తోంది? కొత్తగా కోడ్ రాసేవాళ్ళ కోసం ఒక టర్టిల్ గ్రాఫిక్స్ ఎన్విరాన్‌మెంట్: కేస్ స్టడీ

ప్రోగ్రామింగ్ అంటే ఏమిటో అసలు తెలియని పిల్లల కోసం, బ్రౌజర్‌లోనే నడిచే ఒక చిన్న ఎన్విరాన్‌మెంట్‌ని మేం తయారుచేశాం. ఎడమవైపు కోడ్ రాసే ఎడిటర్, కుడివైపు బొమ్మలు గీసే తాబేలు. ‘ముందుకు 100’ అని రాస్తే తాబేలు వంద అడుగులు నడుస్తూ గీత గీస్తుంది. ‘కుడికి 90’ అంటే ఉన్నచోటే 90 డిగ్రీలు తిరుగుతుంది. ఇంతవరకూ పాత సంగతే. యాభై ఏళ్ళకు పైగా పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడానికి వాడుతున్న పద్ధతి ఇది. అందులో మేం ఏం మార్చాం, ఎందుకు మార్చాం, లోపల అది ఎలా పనిచేస్తుంది అన్నది ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటిది కట్టాలనుకునే డెవలపర్లకీ, క్లాసులో వాడే టీచర్లకీ పనికొస్తుందని నా నమ్మకం.

పని మొదలుపెట్టేముందు, ఇప్పటికే ఉన్న టూల్స్‌తో పిల్లలు ఎలా కుస్తీ పడుతున్నారో పక్కన కూర్చుని చూశాం. సింటాక్స్ (కోడ్ రాసే నియమాలు) కష్టం, బ్రాకెట్లు కష్టం, స్పెల్లింగ్ కష్టం అని పెద్దవాళ్ళు మామూలుగా అనుకుంటారు. ఆ కష్టాలు ఉన్నమాట నిజమే. కానీ పిల్లలు వాటి దగ్గర ఆగిపోరు. తప్పు ఎక్కడుందో చూపిస్తే దిద్దుకుని ముందుకెళ్తారు. ప్రోగ్రామ్ ఏ ఎర్రరూ లేకుండా నడిచి, బొమ్మ మాత్రం వేరేగా వచ్చినప్పుడే నిజంగా ఆగిపోతారు. అప్పుడు వాళ్ళు గీతలనే చూస్తూ కూర్చుంటారు. కారణమేమో గీతల్లో ఉండదు. ఆ క్షణంలో తాబేలు ఎటు చూస్తోందన్న దాంట్లో ఉంటుంది.

తాబేలు గురించి కంప్యూటర్ గుర్తుపెట్టుకునేవి ముఖ్యంగా మూడు: అది ఎక్కడుంది, ఎటు చూస్తోంది, పెన్ను కింద ఉందా పైన ఉందా (కింద ఉంటేనే గీత పడుతుంది). వీటిలో మొదటిదానికి స్క్రీన్ మీద గీత రూపంలో సాక్ష్యం మిగులుతుంది. రెండోదానికి ఏమీ మిగలదు. ‘కుడికి 90’ నడిచాక బొమ్మలో ఒక్క చుక్క కూడా మారదు, అయినా ఆ తర్వాత వచ్చే గీతలన్నీ దాని మీదే ఆధారపడతాయి. టర్టిల్ గ్రాఫిక్స్‌లో కొత్తవాళ్ళ కష్టంలో పెద్ద భాగం ఈ కనిపించని దిశ దగ్గరే పుడుతోందని మాకు గట్టిగా అనిపించింది. ఆ తర్వాత తీసుకున్న నిర్ణయాలన్నిటికీ ఇదే మూలం.

పైకప్పు ఇంట్లో పడిపోవడం

తాబేలుతో ప్రోగ్రామింగ్ నేర్పే లోగో భాషని బోధించిన ప్రతి టీచరుకీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. ఒక ఇల్లు గీయాలి: కింద చతురస్రం, పైన త్రిభుజం. పిల్లలకి రెండూ విడివిడిగా గీయడం వచ్చు. కాబట్టి ఒకదాని కింద ఒకటి రాసేస్తారు:

4 సార్లు [ ముందుకు 100 కుడికి 90 ]
3 సార్లు [ ముందుకు 100 కుడికి 120 ]

రెండు లైన్లూ కరెక్టే. కానీ పైకప్పు చతురస్రం లోపల, ఎడమ గోడని ఆనుకుని, కుడివైపుకి మొన పెట్టి పడుకుంటుంది. ఎందుకంటే చతురస్రం పూర్తయ్యేసరికి తాబేలు మొదలైన చోటికే, అంటే కింద ఎడమ మూలకి వచ్చి, మళ్ళీ నేరుగా పైకి చూస్తూ నిలబడింది. త్రిభుజం అక్కణ్ణుంచే మొదలైంది.

ఇక్కడ చాలామంది పిల్లలు చేసే మొదటి పని, త్రిభుజం లైనులో అంకెలు మార్చడం. 120ని 60 చేస్తారు, 90 చేస్తారు. సరిగ్గా ఉన్నదాన్ని పాడుచేసుకుంటారు. కాస్త ఆలోచించినవాళ్ళు మధ్యలో ‘ముందుకు 100’ పెడతారు. అప్పుడు త్రిభుజం పై మూలకి చేరుతుంది గానీ, గోడకి కట్టిన జెండాలా పక్కకి తిరిగి ఉంటుంది. ఇంకో లైను కావాలి: ‘కుడికి 30’. ఈ 30 ఎక్కడిదో తెలియాలంటే తాబేలు ప్రస్తుతం నేరుగా పైకి చూస్తోందనీ, పైకప్పు ఎడమ వాలు కింది గీతతో 60 డిగ్రీల కోణంలో లేస్తుందనీ, పైదిశ నుంచి కొలిస్తే అది 30 అవుతుందనీ ఒకేసారి మనసులో పెట్టుకోవాలి. బొమ్మ చూసి ఇది పట్టుకోవడం చిన్న విషయం కాదు.

ఈ ఉదాహరణని నేను మా టెస్ట్ కేసుగా పెట్టుకున్నాను. ఏ ఫీచర్ గురించి చర్చ వచ్చినా ఒకటే అడిగేవాణ్ణి: పైకప్పు ఇంట్లో పడిపోయిన పిల్లకి, టీచరు రాకుండానే, కారణం ఎక్కడుందో దీనివల్ల కనిపిస్తుందా? కనిపించకపోతే ఆ ఫీచర్ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టాం. రంగుల థీమ్‌లు, బ్యాడ్జీలు, పాయింట్లు అలా పోయినవే.

నేల మీద నుంచి స్క్రీన్ మీదికి

లోగో 1967లో బోల్ట్, బెరానెక్ అండ్ న్యూమన్ సంస్థలో మొదలైంది. వాలీ ఫోర్జైగ్, సీమోర్ పేపర్ట్, సింథియా సాలమన్ దాని రూపకర్తల్లో ముఖ్యులు. మొదట్లో దాంట్లో తాబేలు లేదు. పదాలు, వాక్యాలతో ఆడుకునే భాషగా పుట్టింది. తాబేలు తర్వాత వచ్చింది, అదీ నేల మీద నడిచే రోబోగా. 1940ల చివర బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ అనే శాస్త్రవేత్త కట్టిన చిన్న రోబోలని తాబేళ్ళు అనేవారు. ఆ పేరే దీనికీ అంటుకుంది.

నేల మీది తాబేలు తిరగాలంటే నిజంగా తిరగాలి. చక్రాలు కదలాలి, మోటారు శబ్దం రావాలి, కాస్త టైం పట్టాలి. గదిలో ఉన్న పిల్లలందరికీ అది ఎటు తిరిగిందో తెలిసిపోయేది. కావాలంటే దాని వెనకాల నిలబడి, అది చూస్తున్న వైపే చూడొచ్చు. పేపర్ట్ పట్టుబట్టి చెప్పిందీ ఇదే: పిల్లలు తమని తాబేలు స్థానంలో ఊహించుకుని, తమ ఒంటి కదలికలతో జ్యామితిని అర్థం చేసుకుంటారు. అదే తాబేలు స్క్రీన్ మీదికి వచ్చేసరికి చిన్న త్రిభుజమైపోయింది. చాలా వెర్షన్లలో తిరగడం రెప్పపాటులో అయిపోతుంది. వేగం, చౌక, సౌకర్యం వచ్చాయి, దిశ మాత్రం కళ్ళ ముందు నుంచి తప్పుకుంది. పైథాన్‌తో వచ్చే టర్టిల్ మాడ్యూల్‌లో తిరగడం యానిమేషన్‌గా కనిపిస్తుంది, అది మంచి పని. కానీ అక్కడ మామూలు మోడ్‌లో సున్నా డిగ్రీలంటే తూర్పు, కోణాలు గడియారానికి వ్యతిరేక దిశలో పెరుగుతాయి. లోగో మోడ్‌లో సున్నా అంటే ఉత్తరం, కోణాలు గడియారం దిశలో పెరుగుతాయి. కాలేజీ గణితానికి మొదటిది సరిపోతుంది. తాబేలుతో పాటు నడుస్తున్నట్టు ఊహించుకునే పిల్లకి రెండోదే సహజం. మేం రెండోదే తీసుకున్నాం.

తిరగడం కళ్ళకి కనబడాలి

మా తాబేలు త్రిభుజం కాదు. పైనుంచి చూసినట్టు తల, నాలుగు కాళ్ళు ఉంటాయి. ముందు కాళ్ళు రెండూ వేర్వేరు రంగులు. రంగులు గుర్తుపట్టలేని పిల్లలూ ఉంటారు కాబట్టి కుడికాలి మీద చారలు కూడా గీశాం. ‘కుడికి’ కమాండ్ నడుస్తున్నంతసేపూ కుడికాలు వెలుగుతుంది. తాబేలు కిందికి చూస్తున్నప్పుడు దాని కుడి మన స్క్రీన్‌కి ఎడమ అవుతుంది. ఇక్కడ తడబడని పిల్లల్ని నేను చాలా తక్కువమందిని చూశాను. చారల కాలు వెలగడంతో ‘నా కుడి కాదు, దాని కుడి’ అని పిల్లలు వాళ్ళంతట వాళ్ళే అనడం మొదలైంది.

తిరిగేటప్పుడు పాత దిశని చుక్కల గీతగా ఉంచి, కొత్త దిశ దాకా ఒక చాపం గీస్తాం, పక్కన డిగ్రీలు వేస్తాం. తర్వాతి కమాండ్ పూర్తయ్యేదాకా అది స్క్రీన్ మీద ఉండి మాయమవుతుంది. దీనితో తేలిన పెద్ద విషయం సమబాహు త్రిభుజం. లోపలి కోణం 60 అని స్కూల్లో నేర్చుకున్న పిల్లలు ‘కుడికి 60’ అని రాస్తారు. త్రిభుజానికి బదులు షడ్భుజిలో సగం వస్తుంది. చాపం లేనప్పుడు ఇదొక వింత. చాపం ఉంటే, తాబేలు తిరిగేది గీత పొడిగింపు నుంచి అని, అంటే బయటి కోణమని, కంటికే కనబడుతుంది. 180లోంచి 60 తీసేస్తే 120 అని మేం ఎక్కడా రాయలేదు.

వీటన్నిటికంటే నాకు బాగా నచ్చింది మూలలో పెట్టిన ఒక చిన్న మీటర్. పేరు ‘మొత్తం మలుపు’. ప్రోగ్రామ్ మొదలైనప్పటి నుంచి తాబేలు ఎంత తిరిగిందో కూడుతూ పోతుంది: కుడికి తిరిగితే కలుపుతుంది, ఎడమకి తిరిగితే తీసేస్తుంది. చతురస్రానికి 360. త్రిభుజానికి 120 మూడుసార్లు, 360. షడ్భుజికి 60 ఆరుసార్లు, మళ్ళీ 360. ‘360 సార్లు [ ముందుకు 1 కుడికి 1 ]’ అని గీసిన వలయానికీ అంతే. పైన చెప్పిన సగం షడ్భుజికి మాత్రం మీటర్ 180 దగ్గర ఆగిపోతుంది, బొమ్మా మూసుకోదు. తాబేలు ఒక దారిలో నడిచి, మొదలైన చోటికే వచ్చి, మొదట చూసిన వైపే చూస్తుంటే, మొత్తం మలుపు ఎప్పుడూ 360కి గుణిజమే అవుతుంది. టర్టిల్ జ్యామితిలో ఇదొక ప్రసిద్ధ సిద్ధాంతం. పిల్లలకి దాని పేరు అక్కర్లేదు, మీటర్ చాలు.

ఐదు మొనల నక్షత్రం దగ్గర ఇది ఇంకా బాగుంటుంది. ‘5 సార్లు [ ముందుకు 150 కుడికి 144 ]’ గీస్తే మీటర్ 720 చూపిస్తుంది. తాబేలు రెండు పూర్తి చుట్లు తిరిగిందన్నమాట. ఒక పిల్ల అది చూసి, అయితే మూడు చుట్లు తిరిగే నక్షత్రం కూడా ఉండాలి కదా అని అడిగింది. ఉంది, ఏడు మొనలది. 1080ని 7తో భాగించాలి, సరిగ్గా పోదు. అందుకని ‘కుడికి 1080/7’ అని రాయడానికి మా భాషలో వీలుండాల్సి వచ్చింది. ఎనిమిది అంకె గీసి, ఒక వలయం కుడికీ ఒకటి ఎడమకీ తిరగడంతో మీటర్ సున్నాకి రావడం చూసి ఎగిరి గంతేసిన పిల్లలున్నారు. ఆ సున్నా కూడా 360కి గుణిజమేనని నేను చెప్పలేదు. వాళ్ళే వాదించుకుని తేల్చుకున్నారు.

టైం లెక్క

ఇప్పుడు లోపలి సంగతులు. తిరగడాన్ని నెమ్మదిగా చూపించాలి అనుకోగానే, ప్రోగ్రామ్‌ని మధ్యమధ్యలో ఆపుతూ, కోడ్‌ని చదివి నడిపే ఇంటర్‌ప్రెటర్ కావాలి. బ్రౌజర్‌లో ఒక లూప్ ఆగకుండా నడుస్తుంటే, ఆ పేజీ స్క్రీన్‌ని తిరిగి గీయలేదు, బటన్ నొక్కినా పలకదు. అందుకని మా ఇంటర్‌ప్రెటర్‌ని జావాస్క్రిప్ట్ జెనరేటర్‌గా రాశాం. ఒక కమాండ్ ఏం చేయాలో చెప్పి ఆగుతుంది, ఏది ఎప్పుడు నడవాలో చూసే షెడ్యూలర్ మళ్ళీ అడిగినప్పుడు తర్వాతి కమాండ్‌కి వెళ్తుంది. ఆపడం, ఒక్కో అడుగు నడపడం, వేగం మార్చడం, ఇవన్నీ షెడ్యూలర్ పని. ఇంటర్‌ప్రెటర్‌కి వాటి గురించి తెలియనే తెలియదు. ఇలా విడదీయడం మొత్తం ప్రాజెక్టులో అన్నిటికంటే ఎక్కువ లాభం ఇచ్చిన నిర్ణయం.

వేగాన్ని కమాండ్‌కి ఇంత టైం అని పెట్టకూడదు. పైన చెప్పిన వలయంలో 720 కమాండ్లున్నాయి. కమాండ్‌కి పావు సెకను అంటే ఒక వలయానికి 180 సెకన్లు. అందుకని టైంని దూరానికీ కోణానికీ కట్టాం. మామూలు వేగంలో తాబేలు సెకనుకి 200 అడుగులు నడుస్తుంది, 180 డిగ్రీలు తిరుగుతుంది. అదే వలయం 4 సెకన్ల లోపే పూర్తవుతుంది. ‘ముందుకు 100’ మాత్రం అర సెకను తీసుకుని కంటికి ఆనుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. సెకనుకి 60 సార్లు గీసే స్క్రీన్ మీద ఒక ఫ్రేమ్ అంటే సుమారు 16.7 మిల్లీసెకన్లు. ‘ముందుకు 1’కి పట్టేది 5 మిల్లీసెకన్లే. ఫ్రేమ్‌లో మిగిలిన టైంని తర్వాతి కమాండ్‌కి ఇవ్వాలి, ఇంకా మిగిలితే దాని తర్వాతిదానికి. అలా చేయకుండా ఫ్రేమ్‌కి ఒక కమాండ్ నడిపితే చిన్న చిన్న అడుగుల బొమ్మలన్నీ నత్తనడక నడుస్తాయి.

‘వెంటనే’ అనే వేగం కూడా ఉంది, యానిమేషన్ లేకుండా. కోచ్ మంచు పూవు అనే బొమ్మని (ప్రతి స్థాయిలో ప్రతి గీత మధ్యా ఒక చిన్న మొన పుడుతుంది) ఆరో స్థాయిలో గీయాలంటే 12,288 గీతలు కావాలి. వాటిని తీరిగ్గా చూసే ఓపిక ఎవరికీ ఉండదు. ఈ వేగంలోనూ షెడ్యూలర్ కొన్ని మిల్లీసెకన్లకోసారి ఆగి ‘ఆపు’ బటన్‌ని పట్టించుకుంటుంది. అంతులేని లూప్ రాస్తే మేం తిట్టం, బలవంతంగా ఆపం. ఆగకుండా తిరిగే బొమ్మ పిల్లలకి ఎంతో ఇష్టం, అది తప్పు ప్రోగ్రామ్ కూడా కాదు. ‘ఆపు’ అన్నప్పుడు ఆగితే చాలు.

నడుస్తున్న లైనుని ఎడిటర్‌లో రంగుతో చూపిస్తాం. చిన్న కమాండ్లు వేగంగా మారేటప్పుడు ఆ రంగు టపటపా మెరుస్తుంది. ఇది ఒట్టి చికాకుతో పోయేది కాదు. సెకనుకి మూడుసార్లకి మించి మెరుపులు ఉండకూడదని వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు చెబుతున్నాయి, కొందరికి వాటివల్ల మూర్ఛ రావచ్చు. కాబట్టి లైన్లు అంతకంటే వేగంగా మారుతుంటే, ఒక్కో లైనుకి బదులు లూప్ మొత్తానికీ నిలకడగా రంగు వేస్తాం.

దశాంశాల గొడవ ఒకటి. 90 డిగ్రీల కొసైన్ సున్నా అని మనకి తెలుసు. కంప్యూటర్ కోణాన్ని రేడియన్లలోకి మార్చి లెక్కగడితే, దశాంశ బిందువు తర్వాత 16 సున్నాలు వచ్చాక 6 కనిపించే సంఖ్య వస్తుంది. బొమ్మలో దీనివల్ల తేడా ఏమీ ఉండదు. కానీ తాబేలు ఎక్కడుందో అంకెల్లో చూపిస్తున్నాం కదా, అక్కడ పిల్లకి సున్నాకి బదులు ఒక పొడవాటి చెత్త కనిపిస్తే తనే ఏదో తప్పు చేశాననుకుంటుంది. దిశని రేడియన్లలో కాకుండా డిగ్రీల్లోనే దాచాం. 90కి గుణిజాలైన దిశలకి సైన్, కొసైన్ విలువల్ని నేరుగా 0, 1, −1 అని ఇచ్చాం. మిగతావి చూపించేటప్పుడు రెండు దశాంశాలకి కుదించాం.

గీతలకి ఒక కాన్వాస్ (బ్రౌజర్‌లో బొమ్మ గీసే పలక), తాబేలుకీ చాపాలకీ దాని పైన ఇంకో కాన్వాస్. తాబేలు కదిలిన ప్రతిసారీ పైది మాత్రమే తుడిచి గీస్తే సరిపోతుంది. బ్రౌజర్ కాన్వాస్‌లో నిలువు కొలత కిందికి పెరుగుతుంది, గణితంలో పైకి. ఆ మార్పు గీసే కోడ్‌లో ఒకే ఒక్క చోట చేయాలి.

పదాలు, లిపి, ఎర్రర్లు

కమాండ్లు పిల్లల భాషలోనే ఉండాలని మొదటే నిర్ణయించుకున్నాం. ఇది మాకే తట్టిన ఆలోచన కాదు, కేడీఈ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ బృందం తయారుచేసిన కేటర్టిల్ అనే తాబేలు ప్రోగ్రామ్‌లో కమాండ్లని అనువదించుకునే వీలు ఎప్పటినుంచో ఉంది. కోడ్‌ని విడదీసి చదివే మా పార్సర్‌లో కమాండ్ల జాబితా ఒక టేబుల్, దాన్ని మార్చుకుంటే ఇంకో భాష. అయితే లిపి విషయంలో జాగ్రత్త పడాల్సినవి ఉన్నాయి.

పేర్లలో అక్షరాలే ఉండాలి అని ఒక అక్షరాల నమూనా, అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాస్తే, అన్ని లిపుల అక్షరాలకీ కోడ్లిచ్చే యూనికోడ్ లెక్క ప్రకారం గుణింతపు గుర్తులూ పొల్లూ ‘అక్షరాలు’ కావు. అవి వేరే వర్గం. ‘చతురస్రం’ అన్న పేరు మొదటి గుణింతం దగ్గరే తెగిపోతుంది. ఆ వర్గాన్నీ కలుపుకోవాలి. ఐత్వం గుర్తుని యూనికోడ్‌లో ఒకే కోడ్‌గా రాయొచ్చు, రెండు కోడ్లుగానూ రాయొచ్చు. చూడ్డానికి రెండూ ఒకటే, పోల్చి చూస్తే వేరు. కాబట్టి చదవగానే నార్మలైజ్ చేస్తాం, అంటే ఒకే రూపానికి మారుస్తాం. కొన్ని కీబోర్డులు మాటల మధ్య కనిపించని జోడింపు గుర్తులు పెడతాయి. పేర్లని పోల్చేటప్పుడు వాటిని తీసేస్తాం. లేకపోతే కంటికి ఒకేలా కనిపించే రెండు పేర్లు కంప్యూటర్‌కి వేరువేరుగా ఉండి, పెద్దవాళ్ళకి కూడా అంతుచిక్కని ఎర్రర్ వస్తుంది. తెలుగు అంకెలతో ‘ముందుకు ౧౦౦’ అని రాసినా నడుస్తుంది. ‘ముందుకు100’ అని ఖాళీ వదలకుండా రాసినా నడుస్తుంది. పిల్ల ఏమంటోందో అనుమానం లేకుండా తెలుస్తున్నప్పుడు ఎర్రర్ ఇవ్వడంలో అర్థం లేదు.

అనుమానం ఉన్నప్పుడు మాత్రం మేం ఊహించం, అడుగుతాం. ‘కుడిక 90’ అని రాస్తే ‘కుడిక అనే మాట నాకు ఇంకా తెలియదు. కుడికి అని రాయబోయావా?’ అని ఆ లైను పక్కనే వస్తుంది. దగ్గరి మాటని వెతకడానికి రెండు మాటల మధ్య ఎన్ని మార్పులున్నాయో లెక్కిస్తాం. ఆ లెక్క కోడ్ల మీద కాకుండా అక్షరాల మీద ఉండాలి, అంటే గుణింతంతో కలిసిన అక్షరం ఒక యూనిట్. ‘ముందుకు’ అని రాసి అంకె వదిలేస్తే ‘ముందుకు ఎంత?’ అని అడుగుతుంది. ఈ మెసేజ్‌లని పిల్లలతో గట్టిగా చదివించి, వాళ్ళు ఎక్కడ ఆగారో ఆ మాటలు మార్చాం.

టైప్ చేయకుండా అతికించే కమాండ్ ముక్కలు, అంటే బ్లాకులు, ఎందుకు పెట్టలేదని టీచర్లు అడుగుతుంటారు. చిన్న పిల్లలకి స్క్రాచ్ లాంటి బ్లాకులే మంచివి, అందులో అభ్యంతరం లేదు. మేం చూసుకున్నది టైప్ చేయడం వచ్చిన వయసు. వాళ్ళ కోసం పక్కన కమాండ్ల పట్టిక ఉంది, నొక్కితే ఆ మాట ఎడిటర్‌లో పడుతుంది.

వెనక్కి నడవడం, ముందే ఊహించడం

ప్రతి కమాండ్‌కీ ముందు స్థితి, తర్వాతి స్థితి, లైను నంబరు మూడూ దాస్తాం. దాంతో బొమ్మ కింద ఒక స్లయిడర్ పెట్టగలిగాం. దాన్ని వెనక్కి జరిపితే తాబేలు వెనక్కి నడుస్తుంది, గీతలు చెరుగుతాయి, ఎడిటర్‌లో లైను వెనక్కి పాకుతుంది. ఇల్లు సమస్యకి అసలు మందు ఇదే. పైకప్పు పడిపోయిన పిల్ల స్లయిడర్‌ని లాగి, త్రిభుజం మొదలయ్యే చోట ఆపి, తాబేలు తల ఎటు ఉందో చూస్తుంది. అక్కడ ‘ఓ, ఇది కిందనే ఉంది!’ అంటుంది. గీత మీద వేలు పెడితే దాన్ని గీసిన లైను వెలగడం కూడా ఈ దాచిన సమాచారంతోనే వచ్చింది. స్లయిడర్ కదిలిన ప్రతిసారీ మొదటి నుంచీ గీయకుండా, కొన్ని వందల కమాండ్లకోసారి బొమ్మని ఫోటోలా దాచి, అక్కణ్ణుంచి గీస్తాం.

కోడ్‌లో అంకెని మౌస్‌తో పట్టుకుని లాగితే బొమ్మ అప్పటికప్పుడు మారే సౌకర్యం కూడా ఉంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, వచ్చినవాళ్ళందరూ మొదట మెచ్చుకునేది దాన్నే. నాకు దాని మీద కొంచెం అనుమానం ఉంది. త్రిభుజం మూసుకునేదాకా అంకెని లాగుతూ పోయి, 120 దగ్గర వదిలేసే పిల్లకి బొమ్మ వచ్చింది గానీ కారణం రాలేదు. అందుకే మొదటి పాఠాల్లో అది పనిచేయదు. ఆ స్థానంలో ‘ఊహించు’ అనే బటన్ ఉంటుంది. రన్ చేసే ముందు, తాబేలు చివరికి ఎక్కడ ఆగుతుందో, ఎటు చూస్తుందో పిల్ల ఒక నీడ తాబేలుని లాగి పెడుతుంది. రన్ అయ్యాక రెండూ పక్కపక్కన ఉంటాయి. మార్కులు లేవు, ‘తప్పు’ అన్న మాట లేదు. చోటు సరిగ్గా చెప్పి దిశ తప్పు చెప్పిన పిల్లలే ఎక్కువగా కనిపిస్తారు, టీచరుకి ఎవరితో ఏం మాట్లాడాలో అక్కడే తెలుస్తుంది.

సొంత కమాండ్లు నేర్పేటప్పుడు ఇదే నీడ ఇంకోలా పనికొచ్చింది.

నేర్చుకో చతురస్రం
4 సార్లు [ ముందుకు 100 కుడికి 90 ]
అంతే

‘చతురస్రం’ అని పిలవగానే, లోపలికి వెళ్ళేటప్పుడు తాబేలు ఉన్న చోట ఒక నీడ మిగులుతుంది. బయటికి వచ్చేటప్పుడు తాబేలు సరిగ్గా ఆ నీడలోకి వచ్చి కూర్చుంటే నీడ మాయమవుతుంది. కూర్చోకపోతే, తేడా ఎంతో చూపిస్తూ కాసేపు నిలుస్తుంది. మొదలైన స్థితికే తిరిగొచ్చే ప్రొసీజర్లని, అంటే సొంత కమాండ్లని, ఎక్కడైనా నిశ్చింతగా అతికించవచ్చు. తిరిగిరానివాటిని అతికిస్తే పక్క బొమ్మ దెబ్బతింటుంది. చాలా ఏళ్ళ తర్వాత ఈ పిల్లలు పెద్ద ప్రోగ్రామ్‌లు రాసేటప్పుడు, ఒక ఫంక్షన్ తాకకూడని దాన్ని మార్చేసి వెళ్ళిపోవడం వల్ల వచ్చే బగ్‌లతో తల పట్టుకుంటారు. అదే సంగతి ఇక్కడ కంటి ముందు జరుగుతుంది.

చెట్టు బొమ్మ దీనికి గట్టి పరీక్ష. కొమ్మ గీసి, ఎడమకి తిరిగి చిన్న చెట్టు, కుడికి తిరిగి చిన్న చెట్టు, మళ్ళీ మధ్యకి తిరిగి వెనక్కి రావాలి. ఆ చివరి ‘వెనక్కి’ మర్చిపోతే చెట్టు మొత్తం ఒక చిక్కుముడి అవుతుంది. పది స్థాయిల చెట్టులో 1,023 కొమ్మలుంటాయి. ప్రతి పిలుపుకీ ఒక నీడ అంటే, ఒక కొమ్మ చివర ఉన్నప్పుడు పది నీడలు వరుసగా కాండం దాకా కనిపిస్తాయి. ఒక్కోటీ తన తాబేలు తిరిగొస్తుందని ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. రికర్షన్‌ని, అంటే ఒక కమాండ్ తనని తానే పిలవడాన్ని, వివరించడానికి నాకు ఇంతకంటే మంచి బొమ్మ దొరకలేదు. మూడు స్థాయిల చెట్టుతో మొదలుపెట్టి, స్లయిడర్‌తో ముందుకీ వెనక్కీ జరిపించి, ఏ నీడ ఎప్పుడు మాయమవుతుందో పిల్లల్నే చెప్పమంటే చాలామంది చెప్పేస్తారు. ‘పొడవు’ లాంటి వేరియబుల్స్ విలువ ఒక్కో నీడ దగ్గర ఒక్కోలా ఉంటుందన్నది మాత్రం ఇంకా అంత బాగా అందడం లేదు. నీడ మీద వేలు పెడితే ఆ పిలుపు తాలూకు విలువలు పక్కనే కనిపించేలా ఇప్పుడు చేస్తున్నాం. పది నీడలు ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కున్నప్పుడు ఆ అంకెల్ని ఎక్కడ రాయాలన్నదే తేలాలి. ప్రస్తుతానికి నాలుగు స్థాయిల దాకా బొమ్మ మీదే రాస్తున్నాం, అంతకు మించితే ఎడిటర్ కింద ఒక పట్టికలో.

పిల్లలకి లాగిన్ లేదు. వాళ్ళ ప్రోగ్రామ్ మొత్తం పేజీ అడ్రసులోనే, సర్వర్‌కి వెళ్ళని భాగంలో, కుదించి దాగి ఉంటుంది. ఆ లింకు పంపితే అవతలివాళ్ళకి అదే ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది. ఒకసారి లోడ్ అయితే నెట్ లేకపోయినా నడుస్తుంది. పాత కంప్యూటర్ల మీద తాబేలు తడబడితే కాళ్ళ యానిమేషన్ దానంతటదే తగ్గుతుంది. చాపం, అంకెలు, లైను రంగు మాత్రం ఎంత నెమ్మది మెషీన్ మీదైనా అలాగే ఉంటాయి.